బ్రేకు మీద కాలు

మెకానిక్కుకి బుర్ర వేడెక్కిపోయింది. ప్లగ్గులు మార్చాడు, థ్రాటిల్ కడిగాడు. అయినా ఆ రాత్రి షెడ్డులో కారు ఇంజను ఐడిల్‌లో తిరుగుతూ ఉన్నట్టుండి నీరసపడి, మళ్ళీ తేరుకుంటోంది.

నీరసపడినప్పుడల్లా కారు వెనక గోడ మీద ఎర్రటి వెలుగు పడుతోంది. బ్రేకు లైట్లు!

"బావా, సీట్లో కూర్చుని ఆ బ్రేకు తొక్కుడేంటి? కాలు తియ్యి," అని బానెట్ చాటునుంచే కసిరాడు.

ఎరుపు ఆరిపోయింది. ఇంజను హాయిగా తిరిగింది.

"నన్నేనా?" బావ గొంతు బయట పంపు దగ్గర్నుంచి వినిపించింది. "చేతులకి సబ్బు రుద్దుకుంటున్నా, ఉండరా."

మెకానిక్కుకి ఏమీ అర్థం కాలేదు. మరి ఇంతసేపూ తొక్కిందెవరు? ఎత్తిన బానెట్ అడ్డంగా ఉంది, సీటు కనబడదు. పక్కకి జరుగుదామంటే కాళ్ళు ఇరుక్కుపోయి ఉన్నాయి. మోకాళ్ళకి బంపరు, వీపుకి గోడ.

కాలు తియ్యమన్నాడు. ఎక్కడ పెట్టాలో చెప్పలేదు.

ఇంజను మెల్లగా వేగం పుంజుకుంది.