చంద్రుడి మీద అష్టాచెమ్మ

“సచ్చినోడు సచ్చినట్టే! మల్ల లేపుడేంది?” అన్నాడు లక్ష్మీనర్సయ్య, సైన్సు కాలేజీ మెట్లు దిగుతూనే.

“చంద్రుని మీద సూటుకు బొక్క పడ్తే ఎంటనే సావడురా. గాలి మెల్లమెల్లగ పోతది. అతుకేసుకునే టైమన్న ఇయ్యాలె గద,” అన్నాడు దానియేలు.

ఇద్దరూ కలిసి ఒక యుద్ధం ఆట తయారుచేశారు. చింతగింజకు సిగరెట్ పెట్టెలోని వెండికాగితం తొడిగితే అంతరిక్ష సైనికుడు. అగ్గిపెట్టెకు గుండీలు అంటిస్తే చంద్రుడి మీద తిరిగే ఫిరంగి బండి. రేపటి కాలేజీ ప్రదర్శనలో వీళ్లకొక బల్ల దొరికింది. సైన్యాలు సిద్ధంగానే ఉన్నాయి, నియమాలే కుదరలేదు. పొద్దున్నకల్లా తేల్చుకోకపోతే ఆ బల్ల ఫొటోలు ప్రదర్శించే వాళ్లకిస్తానని లెక్చరర్ గారు ఇప్పుడే చెప్పి పంపారు.

లక్ష్మీనర్సయ్య నియమం తేలిక. గవ్వలు వేయాలి, దెబ్బ తగిలినవాణ్ని తీసి డబ్బాలో పడేయాలి. టీ చల్లారేలోపు యుద్ధం ఖతం. దానియేలు పద్ధతిలో ప్రతి గింజకూ గాలి లెక్క, అతుకుల లెక్క. ఆ ఆట ఇంతవరకు ఒక్కసారీ పూర్తి కాలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ వారాల తరబడి కూర్చుని ఒక్కో గింజకు వెండికాగితం తొడిగినవాడు అతనే. గవ్వ బోర్లా పడిందని వాటిని డబ్బాలోకి విసిరేస్తుంటే ప్రాణం చివుక్కుమంటుంది.

“కన్నతల్లి లెక్క ఏడుస్తవేందిరా? చింతగింజలే గద!”

“అయితే నీ గింజలు నువ్వే చేస్కో. నావి నేను తీస్కపోత.”

అనేశాక దానియేలుకు బాధేసింది. రోషం మాత్రం వెనక్కి తగ్గనివ్వలేదు. తార్నాకలో తాము అద్దెకుండే గది చేరేదాకా ఇద్దరూ మూతులు ముడుచుకునే నడిచారు.

ఆ గది భారతమ్మది. గదిలో ఆమెదే ఒక ఇనుప పెట్టె, దాని మీద నల్ల గొంగడి. “పెట్టె జరపొద్దు, తెరవొద్దు. మీద ఏమన్న వెట్టుకోండ్రి,” అని అద్దెకిచ్చిన నాడే చెప్పింది. లోపల వెండి గిన్నెలున్నాయని లక్ష్మీనర్సయ్య అనుమానం. ఏముంటే మనకేం అని మిత్రులు గొంగడి మీద సుద్దతో గుంతలు గీసి దాన్నే చంద్రుణ్ని చేశారు. చోటు చిన్నది కాబట్టే సైనికులు చింతగింజలంత అయ్యారు.

దీపాలు పెట్టే వేళకు భారతమ్మ పాతగుడ్డ పట్టుకుని వచ్చింది. పెట్టె చుట్టూ దుమ్ము తుడవందే ఆమెకు పొద్దు గూకదు. ఇద్దరూ చెరో మూల కూర్చుని ఉండటం చూసింది.

“ఏంది, గట్ల మొకాలు మాడ్చుకున్నరు?”

“పెద్దమ్మా, నువ్వే తీర్పు చెప్పు,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. “రెండు తీర్ల ఆడు. నీకేది మంచిగనిపిస్తే అదే ఖాయం. ఏంరా?”

దానియేలు తలూపాడు.

ముందు అతని నియమాలతో మొదలుపెట్టారు. రెండో ఎత్తుకే భారతమ్మ చేతులెత్తేసింది. “గీ గాలి లెక్కలు నాతోని గావు కొడుకా.”

దానియేలు వెళ్లి మళ్లీ తన మూలలో కూర్చున్నాడు. ఇక లక్ష్మీనర్సయ్య పద్ధతి. గవ్వలు వేశాడు, భారతమ్మ సైనికుడికి దెబ్బ తగిలింది. వాణ్ని తీసి డబ్బాలో పడేయబోతుంటే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

“ఏడికి తీస్కపోతున్నవ్?”

“సచ్చిండు పెద్దమ్మా. తీసేస్తం.”

“తీసేసుడేంది? ఇంటికి పంపాలె.” గింజను అతని చేతిలోంచి తీసుకుని, బయలుదేరిన గడిలోనే మళ్లీ నిలబెట్టింది. “అష్టాచెమ్మల కాయ సస్తే ఇంటికే వస్తది. మల్ల మొదటి నుంచి నడుస్తది.”

“ఇది అష్టాచెమ్మ గాదు, లడాయి!” లక్ష్మీనర్సయ్య పకపకా నవ్వాడు.

“లడాయైతే? ఇంటికి రావద్దా?”

ఆమె నవ్వలేదు. ఆడింది. మళ్లీ దెబ్బ తగిలింది, మళ్లీ గింజ ఇంటికొచ్చింది. చూస్తూ చూస్తూ దానియేలు లేచి దగ్గరికొచ్చాడు. దెబ్బ దెబ్బే, నడిచిన దూరమంతా పోయినట్టే. లెక్కలు రాసే పని లేదు, గింజను పారేసే పనీ లేదు.

“మంచిగనే ఉన్నది గని,” గొణిగాడు లక్ష్మీనర్సయ్య. “సచ్చినోడు ఎట్ల లేస్తడని సారు అడిగితే?”

“ఆ ఇంటి గడే సైన్యం స్థావరం, అండ్ల ఒక మిషిను ఉన్నదంటం. మనిషిని మల్ల తయారుజేస్తది. వెయ్యేండ్ల తర్వాత ముచ్చట, ఎవడు కాదంటడు?” అన్నాడు దానియేలు.

లక్ష్మీనర్సయ్య స్నేహితుడి వీపు మీద ఒక్కటి చరిచాడు. “పో, నీ గింజలు దక్కినయి!”

దానియేలుకు ఆ దెబ్బ హాయిగా తగిలింది. అట్టముక్కా, స్కెచ్ పెన్నూ తెచ్చాడు. “గీ రూలు నీదే పెద్దమ్మా. స్థావరానికి పేరు గూడ నువ్వే పెట్టు.”

భారతమ్మ ఆ గడిలో గింజను సరిగ్గా నిలబెట్టింది. “వెంకటేశం అని రాయి.”

దానియేలు పెద్ద అక్షరాలతో రాసి, అట్టను ఆ గడి పక్కన నిలబెట్టాడు. “వెంకటేశం అంటే ఎవలు పెద్దమ్మా?”

“నా కొడుకు. మిల్ట్రీల ఉండె.” ఆమె గొంగడి అంచు సవరించి, దాని కింద పెట్టె మీద చెయ్యి వేసింది. “లడాయి అయినంక వాడు రాలే కొడుకా. గీ పెట్టె ఒక్కటే ఇంటికొచ్చింది.”