తెగని కనెక్షన్

అది కాలనీల్లో పడవలు తిరిగిన వరద ఏడాది. వానలు వెలిశాక కార్తీకంలో పెళ్లిళ్లు మొదలయ్యాయి.

అమీర్‌పేటలో అంబదాస్‌కు జాకెట్ల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేసే షాపుంది. డిజైన్ల పని భార్య మమతది. రోజూ పొద్దున కంప్యూటర్‌లోంచి కొత్తదొకటి తీసి మిషన్‌కు ఎక్కిస్తుంది.

ఆ రోజు అంబదాస్, కోచింగ్ సెంటర్‌లో నెట్‌వర్కింగ్ చెప్పే భానుచందర్‌ను పట్టుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

"జర చూడు తమ్మీ. నా డిజైన్లు బయటికి పోతున్నయ్."

భానుచందర్ చూశాడు. "ఇంకో కంప్యూటర్ దీనికి అతుక్కొని ఉందన్నా. పంజాగుట్టలది."

"మా అన్ననే."

అన్న రాజనర్సయ్యకు పంజాగుట్టలో ఇట్లాంటిదే షాపు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలనే దగ్గర చెడింది. మూడేళ్లుగా మాటల్లేవు. చావుకు పోయినా చెరో మూల కూర్చుంటారు.

"పొద్దున నా షాపుల ఏలాడేసిన నెమలి, సాయంత్రానికి ఆయన షాపుల ఏలాడుతది," అన్నాడు అంబదాస్. "రేపు పెళ్లోళ్లు వస్తున్నరు. ఇంటిల్లిపాదికీ జాకెట్లు. గదే నెమలి ఆడ చూసిన్రంటే ఈడికెందుకొస్తరు? అసలే లాక్‌డౌన్ల మిషన్లు తుప్పు పట్టినయ్. ఈ గిరాకీ పోతే షాపుకు తాళమే."

భానుచందర్ కనెక్షన్ తెంపాడు. బయట చాయ్ తాగి వచ్చేసరికి మళ్లీ కలిసింది. పాస్‌వర్డ్ మార్చాడు. మమత సమోసాలు పెట్టింది. తిని, చెయ్యి కడుక్కొని వచ్చేసరికి మళ్లీ కలిసింది.

"ఇది కనెక్షన్ కాదన్నా, జలగ."

"మా అన్న చిన్నప్పటి సంది గంతే. పట్టిండంటే ఇడవడు."

"ఉంటే ఉండనియ్యరాదు," అంది మమత. "అదేమన్న అన్నమడుగుతుందా?"

"మీ బావను ఎనకేసుకొస్తవేంది నువ్వు?"

భానుచందర్ తల గోక్కున్నాడు. "ఏ ఫైలు ఎటు పోతుందో ఒక్కసారి చూసి తెంపనా?"

"దొంగతనంల చూసేదేముంది? తెంపు."

ఈసారి భానుచందర్ ఆ కంప్యూటర్‌కు దారే మూసేశాడు. గంటసేపు కుర్చీ దిగలేదు. కనెక్షన్ కలవలేదు. అంబదాస్ మిఠాయి తెప్పించి పక్క షాపులకూ పంచాడు. మమత మాత్రం ముట్టలేదు.

మరునాడు పొద్దున్నే పెళ్లివాళ్లు వచ్చి కూర్చున్నారు. అంబదాస్ కొత్త డిజైన్లు తియ్యమంటే మమత ఖాళీ తెర చూపించి, మొగుడి చెవిలో రెండు ముక్కలు చెప్పింది.

అంబదాస్ చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కి పంజాగుట్ట పోయి, మూడేళ్ల తర్వాత మొదటిసారి అన్న ఎదుట నిలబడి, "ఇయ్యాల నాకు డిజైన్లు పంపకపోతివేందన్నా?" అన్నాడు.