గూటి తలుపు

"ఏంది నాయనా ఆ కిరకిర! చెవులు తూట్లు పడుతున్నాయి."

గిద్దలూరు బస్టాండు ఎదురుగా ఉన్న తన నూనెల దుకాణంలోంచి నాగమల్లేశ్వరి కసిరింది.

మెట్టు మీద కూర్చున్న కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. ఒళ్ళో ఒక చిన్న పాత తలుపు. గోడగూటికి ఉండేది, చట్రంతో సహా పెరికి తెచ్చినట్టున్నాడు. దాన్ని తీస్తాడు, మూస్తాడు, చెవి ఆనించి వింటాడు, తనలో తాను మురిసిపోతాడు.

"కొమరోలులో పాత ఇల్లు పడగొడతాంటే అడిగి తెచ్చుకున్నానక్కా. దీనికోసం ఎన్ని ఊర్లు తిరిగినానో!" అన్నాడు. జలుబు చేసినట్టు ముక్కుతో మాట్లాడే మనిషి.

పాత సామాన్లవాడు కాబోలు అనుకుంది. అయినా వాడి సంగతి ఆమెకెందుకు? చెవిలో 'దక్షిణపు గది' నడుస్తోంది.

ఫోనులో వారం వారం వచ్చే దయ్యం సీరియల్ అది. బొమ్మ ఉండదు, వట్టి మాటలూ చప్పుళ్ళూ. నాగమల్లేశ్వరికి అదంటే పిచ్చి. రాత్రి వింటే భయం కాబట్టి పట్టపగలే, బేరాల మధ్య వింటుంది. విన్నదే మళ్ళీ వింటుంది. నెలల తరబడి మూసి ఉన్న ఆ గది తలుపు ఈ ఆదివారం తెరుచుకుంటుందట. ఆ మాట విన్నప్పట్నుంచి ఆమెకు కాలు నిలవడం లేదు.

"అక్కా, మీరు వినేది..." అన్నాడు కుర్రాడు, ఆమె ఫోను వంక చూసి.

"ఉష్! గజ్జెలు మోగుతున్నాయి. మాట్లాడినావంటే చంపేస్తా."

కుర్రాడు కాసేపు చూసి లేచాడు.

"టీ తాగొస్తా. కాస్త చూస్తుంటారా అక్కా?"

తలుపు మెట్టు మీద పెట్టి పోయాడు.

గజ్జెలు ఆగాయి, ఎపిసోడ్ అయిపోయింది. నాగమల్లేశ్వరి తలుపును కదిలించి చూసింది. కిర్ర్ర్... అని గోల పెట్టింది.

"అయ్యో రాత! నూనె దుకాణం ముందర తలుపు అరిస్తే నాకెంత నామర్దా!"

అసలే ఎముక లేని చెయ్యి ఆమెది. ఆముదం డబ్బా వంచి బందులు రెండూ తడిసిపోయేలా పోసింది. తీసింది, మూసింది, మళ్ళీ తీసింది. ఇక కిక్కురుమనలేదు. ఆమె మొహం వెలిగిపోయింది.

అంతలో మార్కాపురం బస్సు కదిలింది. కుర్రాడు పరుగున వచ్చి, తలుపు చంకన పెట్టుకుని బస్సెక్కేశాడు.

"దాని పీడ వదిలించినా పో తమ్ముడూ! ఇంక నోరెత్తదు!" అని అరిచింది.

బస్సు రొదలో అతనికేం వినపడిందో, చెయ్యి ఊపాడు.

ఆదివారం చర్చి అవగానే పక్క కొట్టు టైలరు రెబెకా నేరుగా దుకాణానికి వచ్చేసింది. ఇయర్‌ఫోన్లు చెరొక చెవిలో పెట్టుకున్నారు.

"ఆ కథలో ఏముందే! అంతా చప్పుళ్ళే," అంది నాగమల్లేశ్వరి. "ఎండుటాకుల మీద అడుగు పడితే నా గుండె జారిపోతాది. అవి చేసే మహానుభావుడెవరో కంటబడితే కాళ్ళకు మొక్కుతా."

"ఉండక్కా, తాళం తీస్తాండారు!"

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

'ఏనాటి నుంచో తెరవని తలుపు... కిర్రుమంటూ తెరుచుకుంది,' అన్నాడు కథ చెప్పేవాడు.

చప్పుడు లేదు.

"ఏందక్కా, తలుపు అరవలేదే?"

"సౌండు పెంచు!"

రెబెకా పెంచింది. అప్పుడు వినపడింది, తలుపు చప్పుడు కాదు, ఎవరో పాపం చేసేది లేక నోటితో లాగిన కూత.

"కిర్ర్ర్ర్..."

రెబెకా పడీపడీ నవ్వింది. "ఎవడో నోటితో అంటున్నాడక్కా! ఒక తలుపు కూడా దొరకలేదా వీళ్ళకు?"

నాగమల్లేశ్వరి మాత్రం ఆముదం డబ్బా వైపు చూసి నాలుక కరుచుకుంది. ముక్కులోంచి వచ్చిన ఆ కూత, మొన్న మెట్టు మీద తలుపు పెట్టి, "కాస్త చూస్తుంటారా అక్కా?" అన్న గొంతుదే.