పక్క శబ్దం

ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లు రోగుల మాట వినితీరాలని చట్టం వచ్చాక, ప్రతి ఇంట్లో కరెంటు మీటరు పక్కన ఒక ఊపిరి పెట్టె వెలిసింది. గుంటూరు మిర్చి యార్డు వెనక, యేసోబు ఇంట్లో పెట్టె ఆ పొద్దున కూడా పలకరించింది.

"యేసోబు గారూ, మీరు పరిశోధనలో మా భాగస్వామి. రాత్రి ఆయాసం ఎలా ఉంది? మీ మాటల్లోనే చెప్పండి."

అతనికి మాట్లాడితేనే ఆయాసం. ఏళ్ల తరబడి మిరప బస్తాలు మోసిన ఛాతీ అది. ఒక్కో జవాబుకీ మంచం పట్టె పట్టుకుని ఊపిరి కూడదీసుకోవాలి. కింద కూర్చుని యార్డు మిరపకాయలకు కూలికి తొడిమలు తీస్తున్న అతని భార్య దీనమ్మ విసుక్కుంది.

"రాత్రంతా కూర్చునే ఉన్నాడు. నిన్నా అంతే, మొన్నా అంతే. రాసుకో."

"క్షమించండి. భాగస్వామి స్వయంగా చెప్పాలి."

యేసోబు నోరు తెరిచేలోపు దీనమ్మకు దగ్గు తెర వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"పక్క శబ్దం ఎక్కువగా ఉంది. దయచేసి తగ్గించండి," అంది పెట్టె.

కూడదీసుకున్న ఊపిరంతా యేసోబు ఒక్క మాటకే ఖర్చు పెట్టాడు.

"ఆ శబ్దం... నా పెళ్లాం. ముందు దాన్ని అడుగు."

పెట్టె ఈసారి దీనమ్మను పలకరించింది. "దీనమ్మ గారూ, మిమ్మల్ని కూడా భాగస్వామిగా చేర్చుకోమంటారా?"

దీనమ్మ కళ్లు తుడుచుకుని కాయల గోనె దగ్గరికి లాక్కుంది.

"వద్దులే. దగ్గుందని తెలిస్తే యార్డోళ్లు రేపట్నించి నాకు కాయలియ్యరు. పక్క శబ్దమనే రాసుకో."