అయిదు తీగలాయన

"మళ్ళీ మెకానిక్కే గెలిచాడు!" అంటూ క్లాసంతా చప్పట్లు కొడుతుంటే కళ్ళజోళ్ళ షాపాయనకు ఒళ్ళు మండిపోయింది.

ప్రతి ఆదివారం ఒక్కొక్కరూ ఒక కొత్త జాజ్ గిటారిస్టును వెతికి పట్టుకుని, ఆ వాయింపు అందరికీ వినిపించాలని గిటారు మాస్టారి నియమం. ముందు చెవులు నేర్చుకోవాలి, తర్వాతే వేళ్ళు అంటారాయన. ఈ వెతుకులాటలో లిఫ్ట్ మెకానిక్కును కొట్టేవాడు లేడు. ఎవరూ విననివాళ్ళనీ, ఒక్క రికార్డుతో కనుమరుగైనవాళ్ళనీ ఎక్కడెక్కడినుంచో తవ్వి తెస్తాడు. పరాయివాడైతే కళ్ళజోళ్ళాయన సర్దుకుపోయేవాడేమో. సొంత తోడల్లుడాయె! పైగా తనను చూసి, తన వెనకే వచ్చి చేరాడు.

ఒక్కటే ధైర్యం. మెకానిక్కు వేళ్ళు మొద్దు. ఒక స్వరం నుంచి రెండో స్వరానికి వెళ్ళేలోపు మనం టీ తాగి రావచ్చు. వాయించడంలో క్లాసు మొత్తానికీ కళ్ళజోళ్ళాయనే మేటి. క్లాసు పెట్టబోయే కచేరీలో ఒంటరిగా వాయించే అవకాశం, అదే సోలో, ఒక్కరికే ఇస్తారు. ఆ పేరు వచ్చే ఆదివారం చెబుతానన్నారు మాస్టారు.

"నువ్వేం తెచ్చావయ్యా?" అడిగారు మాస్టారు.

కళ్ళజోళ్ళాయన ఫోన్ తీయబోయి ఆగాడు. తను తెచ్చిన గిటారిస్టును తోడల్లుడు మూడు వారాల కిందటే వినిపించేశాడని అప్పుడు గుర్తొచ్చింది. నాలుక తనంతట తానే కదిలింది.

"అయిదు తీగలాయన గురించి చెబుదామని, మాస్టారూ."

"ఎవరన్నయ్యా ఆయన?" మెకానిక్కు ముందుకు జరిగాడు.

ఆ ఒక్క ప్రశ్నతో కళ్ళజోళ్ళాయనకు ప్రాణం లేచొచ్చింది. తోడల్లుడికి తెలియనివాడు ఒకడు దొరికాడు! అసలు లేకపోతేనేం?

"ట్రాము నడిపేవాడట. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఉయ్యాల్లో బిడ్డ నిద్రపోతుండేదట. సన్నతీగ కీచుమంటే లేస్తుందని, దాన్ని ఊడబీకి మిగతా అయిదింటి మీదే వాయించేవాడట. ఒక స్వరం మీటడం, బిడ్డ కదిలిందా అని ఆగి చూడడం, అప్పుడు రెండోది. ఆ ఆగడమే ఆయన గొప్పట. రికార్డు ఒక్కటే ఉందట. అదీ దొరకదు."

మాస్టారు గడ్డం నిమురుకున్నారు. "ఆఁ, ఆయనా! చిన్నప్పుడు విన్నాను. మహానుభావుడు."

కళ్ళజోళ్ళాయన నోరెళ్ళబెట్టాడు. తన అబద్ధానికి ఇంత పెద్ద సాక్షి దొరుకుతాడని కలలో కూడా అనుకోలేదు. మెకానిక్కు మొహం మాత్రం మాడిపోయింది. ఆ మొహం చూసి కళ్ళజోళ్ళాయనకు కడుపు నిండిపోయింది.

గురువారం భార్య అడిగింది. "ఏమండీ, చెల్లెలు ఫోన్ చేసింది. మరిదిగారు సరిగ్గా తిండి కూడా తినడం లేదట. ఆ అయిదు తీగలాయన దొరకలేదని గది తలుపేసుకుని కూర్చుంటున్నారట. మీరైనా చెప్పొచ్చుగా, ఎక్కడ దొరుకుతాడో?"

"వెతకనీ. వెతికితేనే కదా విలువ తెలిసేది" అని ఆయన హాయిగా కాళ్ళు చాపుకున్నాడు.

ఆదివారం మెకానిక్కు అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"దొరికింది మాస్టారూ" అంటూ ఫోన్ బల్ల మీద పెట్టాడు.

లేని మనిషి ఎలా దొరికాడా అని కళ్ళజోళ్ళాయన మెడ చాచి చూశాడు.

ఒక స్వరం మోగింది. ఆగింది. గదిలో ఎవరూ కదల్లేదు. అప్పుడు మెత్తగా రెండోది. పక్కగదిలో నిజంగానే ఓ పసిబిడ్డ పడుకుని ఉన్నట్టు క్లాసంతా ఊపిరి బిగబట్టింది. మూడు నిమిషాలయ్యాక బ్యాంకు క్యాషియరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఆయనే! ముమ్మాటికీ ఆయనే!" మాస్టారు బల్ల చరిచారు. "నేను చిన్నప్పుడు విన్నది ఇదే. ఆ ఆగడం చూశారా? శభాష్ రా! ఇక సోలో సంగతంటారా, దానికి చెవులు చాలవు, వేళ్ళు కావాలి. కాబట్టి..." అని కలం తీసుకుని కళ్ళజోళ్ళాయన వైపు నవ్వుతూ చూశారు.

కానీ మిగతా వాళ్ళెవరూ అటు చూడలేదు. అందరూ మెకానిక్కు చుట్టూ మూగారు. "ఇంకోసారి పెట్టవా?" "నాక్కూడా పంపవా?" కలం చేతిలో ఉండగానే మాస్టారు కూడా అటు తిరిగి, "అవునయ్యా, పేరు రాసేలోపు ఇంకోసారి వినిపించు" అన్నారు.

కళ్ళజోళ్ళాయన తట్టుకోలేకపోయాడు. తను పుట్టించిన మనిషి! వాణ్ణి కూడా తోడల్లుడే ఎగరేసుకుపోయాడు. తనకో కన్ను పోయినా సరే, ఎదుటివాడికి రెండూ పోవాలనిపించింది. కళ్ళజోళ్ళు అమ్మేవాడికి రాకూడని ఆలోచన అది.

"అబద్ధం!" అని అరిచాడు. "అలాంటి మనిషే లేడు! ట్రామూ లేదు, బిడ్డా లేదు, అంతా నా కల్పన. వీడు ఎవరిదో రికార్డు తెచ్చి మనందర్నీ మోసం చేస్తున్నాడు!"

మాస్టారు రెండుసార్లు దగ్గి, తన చిన్నతనం సంగతి ఎవరూ ఎత్తకముందే గొంతు పెంచారు. "మరి ఇది ఎవరు వాయించిందయ్యా? నిజం చెప్పు."

మెకానిక్కు తలొంచుకున్నాడు.

"తప్పయిపోయింది మాస్టారూ. అన్నయ్యకు దొరికినవాడు నాకు దొరకలేదని కుళ్ళిపోయాను. వారం రోజులు వెతికి వెతికి, ఇక లాభం లేదని మా ఇంట్లో గిటారుకి సన్నతీగ ఊడబీకి, అన్నయ్య చెప్పినట్టే ఆగి ఆగి నేనే వాయించి రికార్డు చేసుకున్నాను."