నంబేవే పురుడు

మలావీ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ప్రసూతి ఆసుపత్రిలో ఆ రాత్రి నర్సు తడాలా ఒక్కతే ఉంది. పసికందుల సంరక్షణలో పీజీ చదువుతోంది. తెల్లారితే పరిశోధన పత్రం ఇచ్చేయాలి. చివరి కేసు పోయిన నెల చనిపోయిన నంబేవేది. "ఆలస్యంగా రావడం వల్ల తల్లీ బిడ్డా దక్కలేదు" అని రాసి కలం మూసింది.

నిజానికి నంబేవే పొద్దు గుంకకముందే వచ్చింది. పరీక్షకు చదువుకుంటున్న తడాలా ఆమెను అర్ధరాత్రిదాకా బయట బల్ల మీదే కూర్చోబెట్టింది. నొప్పులని మొత్తుకుంటే కసిరింది.

తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

"ఎవరది?"

"నేనే సిస్టర్. ఈసారి తెల్లారగట్లే బయల్దేరానమ్మా."

ఆ గొంతు తడాలాకు తెలుసు. గడియ వేద్దామని లేచేలోపే తలుపు తెరుచుకుంది. నంబేవే నిండు కడుపుతో లోపలికి వచ్చి ప్రసవం మంచం మీద కూర్చుంది. నడుముకు చుట్టుకున్న గుడ్డకు సమాధి మట్టి ఇంకా తడిగా అంటుకుని ఉంది.

"తప్పయిపోయింది నంబేవే! ఇప్పుడే దిద్ది రాస్తాను," అంది తడాలా కలం అందుకుంటూ.

"రాసుకో తల్లీ, నాకేం తొందర?" నంబేవే నవ్వింది. "ఈసారి నొప్పులు నావి కావుగా."

తడాలా కడుపుతో లేదు. అయినా ఆమె నడుములో మొదటి నొప్పి పుట్టింది. కేక వేసింది. పలికేవాళ్లు లేరు. మంచం మీది మనిషి మాత్రం తాపీగా జరిగి, ఆమెకు చోటిచ్చింది.