గోడ మీద ఆనపబుర్ర

“ఇది ఎవరు గీశారు?”

బళ్ల ఇనస్పెక్టరు జగన్నాథరావు గారు అలా అడిగేసరికి పెదబయలు బడి పంతులు సర్వేశ్వరరావు గబగబా దగ్గరికొచ్చాడు. ఆయన చూస్తున్నది పంతులు గీసిన బిందె బొమ్మను కాదు. పోడు చేసుకునే ముత్యాలమ్మ గుడిసె గోడ మీద బొగ్గుతో గీసిన ఆనపబుర్రను.

అంబలి తాగే ఎండు బుర్ర. మెడ దగ్గర మొదలైన గీత చుట్టూ తిరిగొచ్చి మళ్లీ మెడ దగ్గరే ఆగింది. అంతే.

“మీ బిందె బొమ్మ చూశాను పంతులుగారూ. నీడలూ నగిషీలూ పెట్టి బాగానే కష్టపడ్డారు. కానీ ఇందులో తీసెయ్యడానికి ఏమీ లేదు, చేర్చడానికీ లేదు. దీన్నే కాగితం మీదికి దింపి విశాఖపట్నం ప్రదర్శనకి పంపండి.”

మన్యంలో పితూరీ అణిగాక కొండెక్కిన మొదటి ఇనస్పెక్టరు ఈయన. ప్రదర్శనకి తన బిందే వెళ్తుందని పంతులు అత్తారింటికి ఉత్తరం కూడా రాసేశాడు. ఇప్పుడు తలెక్కడ పెట్టుకోవాలి?

ఇనస్పెక్టరు గుర్రం మలుపు తిరగ్గానే ముత్యాలమ్మని నిలదీశాడు.

“ఎవరి దగ్గర నేర్చుకున్నావే?”

“నేర్సుకోడానికేటుంది బాబూ. సెయ్యి ఎలాగెల్తే అలాగ గీసీసినాను.”

ఆ మాటకి పంతులు ఒళ్లు మండిపోయింది. కుంచె పట్టిన పాపాన పోలేదు, దీని బొమ్మకి పట్నంలో పీటా?

ఇంటికొచ్చి బొగ్గు అందుకున్నాడు. భార్య రాజులమ్మ రోజూ ఊటకి పట్టుకెళ్లే ఇత్తడి చెంబుని ఎదురుగా పెట్టుకుని వీధిగోడ మీద గీశాడు. నచ్చలేదు. సున్నం కొట్టి మళ్లీ గీశాడు.

“గోడనేం చేస్తున్నారండీ?” అంది రాజులమ్మ.

“మాట్లాడకు. చెయ్యి కదులుతుంది.”

అయిదో రోజుకి కుదిరింది. ఒకే ఒక్క గీత. అచ్చం చెంబే. ఇంక ఆ బుర్ర గీసిన మనిషికి చూపించకపోతే నిద్ర పట్టేలా లేదు. నాలుగు రోజులుగా పోడు చేలోనే ఉండి అప్పుడే కొండ దిగి వస్తున్న ముత్యాలమ్మని కేకేసి పిలిచాడు.

“ఇటు చూడు.”

ముత్యాలమ్మ చూసింది. నెత్తి మీది తట్ట దించి గోడ ముందు కూలబడింది. కళ్లనీళ్లు బొటబొటా కారాయి.

పంతులు కడుపులో మంట ఒక్కసారిగా చల్లారింది.

“అంత బాగుందా?” అన్నాడు మీసం దువ్వుకుంటూ.

“నా కడుపున పుట్టిన గుంట సచ్చిపోనాక అది తాగిన బుర్రని నానూ ఇలాగే గీసినాను బాబూ. పోనోలు తమ వస్తువు ఆనవాలు పట్టి ఇంటికొత్తారని. అమ్మగోరు ఎప్పుడు పోనారు?”